457 నంబరు బోల్టు

ప్రొద్దుటూరు,
2025 నవంబరు 9, ఆదివారం.

ప్రసూనకు,

ఫాయిజా సలాములు. కవరు మీద నా అక్షరాలు గుర్తుపట్టి కూడా చింపకుండా ఇంతవరకూ వచ్చినందుకు ముందే కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. నంద్యాలలో నువ్వూ మీ ఇంటివాళ్లూ బాగున్నారని మొన్ననే మీ అమ్మ నోట విన్నాను గనక కుశల ప్రశ్నలు వేయను. ఇక్కడ నేనూ మా అబ్బా బాగున్నాం. ఆయనకు డెబ్భై ఎనిమిది నడుస్తోంది. కుడి కంటికి శుక్లం తీయించాం. ఎడమ కంటికి వద్దంటాడు. స్టవ్వు బర్నరు చూసుకోడానికి ఒక కన్ను చాలునట. నేను ఇంకా జమ్మలమడుగు కాలేజీలోనే పిల్లలకు చరిత్ర చెబుతున్నాను.

ఇరవై ఆరేళ్ల తర్వాత రాస్తున్నాను. మీ అమ్మ నీ ఫోను నంబరు ఇస్తానంది, నేనే వద్దన్నాను. ఫోన్లో నువ్వు ఒక్కసారి గొంతు మార్చావంటే నా మాట సగంలో ఆగిపోతుంది. కాగితం మీదైతే వరుసగా చెప్పగలనని నా నమ్మకం. అదీ గట్టి నమ్మకమేం కాదు, ఇప్పటికి మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

విషయం మీ నాయన, మా నారాయణ మామ తుపాకీ.

ఆగు, మడిచిపెట్టకు. ఈ నెల ఇరవయ్యో తేదీన వారసులు వద్దనుకున్న తుపాకులన్నీ కడపకు తీసుకుపోయి కోసేస్తారు. నారాయణ మామ పోయాక నువ్వు రాసిచ్చిన అంగీకార పత్రం వల్ల ఆ జాబితాలో ఆయనది ఏడోది. ఆ పత్రాన్ని నువ్వు ఇరవయ్యో తేదీలోపల వెనక్కి తీసుకోవాలి. ఇంత పెద్ద మాట ఏ ముఖంతో అడుగుతున్నానో మొత్తం చదివాక నువ్వే తేల్చు.

పోయిన నెల నయీం ఫోను చేశాడు. మా వీధిలోని ఆయుధాల దుకాణం వాళ్ల అబ్బాయి, ఇప్పుడు దుకాణం తనదే. డిపాజిట్టు తుపాకులన్నీ అతని దగ్గరే ఉన్నాయి. “అక్కా, జాబితాలో ఒక్కోదానికి పేరు, వూరు రాయల్ల. ఒకదాని మీద ఏందో తెలీని బాసలో చెక్కినారు. ఇంగ్లీషు మాదిరి ఉండాది, ఇంగ్లీషు కాదు. నువ్వు సదువుకున్నదానివి కదా, వచ్చి చూసిపో” అన్నాడు. చదువుకున్నదాన్నే, కానీ తుపాకుల గురించి నాకేం తెలుసు? తుపాకులు బాగుచేసే మనిషి కూతురినై ఉండి, మీ నాయన చేతిలో ఇది పగిలిన రోజు తర్వాత ఒక్క తుపాకీని కూడా చేత్తో ముట్టలేదు. వెళ్లనా వద్దా అని రెండు రోజులు ఊగిసలాడి, మూడో రోజు కాలేజీ నుంచి వస్తూ బస్టాండులో దిగి నేరుగా పోయాను.

చూడగానే గుర్తుపట్టాను. పొట్టి తుపాకీ, భుజానికి ఆనించే ముదురు ఎరుపు ఏగిస కట్టె, కట్టెలో పొదిగిన గుండ్రటి ఇత్తడి బిళ్ల. తూటా వెనక మూసే బోల్టు సగం తెరుచుకుని అలాగే తుప్పుపట్టి బిగుసుకుపోయింది. నయీం నవ్వాడు: “పగిలిపోయిన దీన్ని గూడా మీ మామ ఎన్నికలొచ్చిన ప్రతిసారీ స్టేషన్లో పెట్టి రసీదు తీస్కునేటోడంట. ఎస్సై ఒకాయన ‘ఇది పేలదు కదప్పా, ఇంట్లో పెట్టుకో’ అంటే, ‘రూలు రూలే సార్’ అన్నాడంట.” నాకు నవ్వూ వచ్చింది, కళ్లూ తడిశాయి. అది అచ్చం మీ నాయన మాటే.

కిరసనాయిలు, పాత గుడ్డ అడిగి తీసుకుని తుడవడం మొదలుపెట్టాను. ముందు కిరీటం బొమ్మ తేలింది. దాని కింద పొడుగాటి పేరు, దాని కింద 1896. ప్రసూనా, మీ ఇంట్లో ‘దొర తుపాకీ’ అని పిలిచేవాళ్లు గదా, తెల్లదొర అంటే ఇంగ్లీషువాడే అనుకున్నాం మనం. కాదు! అది స్వీడన్ సైన్యంలో గుర్రపు దళానికి చేసిన కార్బైన్. ఫొటోలు తీసి అక్కడ పాత ఆయుధాలు సేకరించే ఒకాయనకు మెయిలు పెడితే, రెండో రోజుకే నాలుగు పేజీల జవాబు! మా ఊరు ఎక్కడుందో మ్యాపులో వెతుక్కున్నాడట. ఆ ఇత్తడి బిళ్ల మీది అంకెలు ఏ దళమో, అందులో ఎన్నో తుపాకీయో చెబుతాయట. ఇంకో మాట రాశాడు: వాళ్ల దేశం రెండు వందల ఏళ్లకు పైగా యుద్ధం చేయలేదు, కాబట్టి ఇది మనిషి మీద పేలి ఉండదు. అంత దూరం నుంచి అంత శుభ్రంగా వచ్చింది చూడు మన దగ్గరికి.

ఎట్లా వచ్చిందంటావా? అది మీ అమ్మ చెప్పింది. పులివెందుల దగ్గర రాతినార, అదే ఆస్‌బెస్టాస్, గనుల్లో రాయికి బోరు వేయడానికి మీ తాత నాయన కాలంలో ఒక స్వీడన్ దొర వచ్చాడట. మీవాళ్లు ఎద్దులబండ్లు తోలించారట ఆయనకు. పోయేటప్పుడు తన రెండు తుపాకులూ మీ ఇంట్లో ఇచ్చిపోయాడు. రెండూ ఒకే కార్ఖానావి, ఒకే ఏడాదివి, కవలపిల్లల్లాంటివి. ఒకటి మీ నాయన వంతుకు, ఒకటి మీ పెదనాయన వంతుకు వచ్చింది. ఆ దొర తూటాలు దొరకడం ఆగిపోయాక మీ పెదనాయనది గోడకే ఉండిపోయింది. మీ నాయన మాత్రం తనదాన్ని 1979లో మా అబ్బా దగ్గరికి తెచ్చాడు, పందుల్ని తోలే గుళ్ల తూటాకు మార్చిపెట్టమని.

నేను పుట్టిన ఏడాది అది. ఆ పని గురించి అబ్బా నా చిన్నప్పుడు కథలా చెప్పేవాడు. కొత్త గొట్టం, కొత్త కట్టె, తూటా వెనక భాగానికి సరిపడేలా బోల్టు ముఖం మార్పు. పాత కట్టెలోని ఇత్తడి బిళ్లను తీసి కొత్త కట్టెలో పొదిగాడు, “వాళ్ల బిళ్ల వాళ్లకు ఉండాల” అని. ఇంకొకటి చేశాడు. ఆ దేశపు పనివాళ్లు తుపాకీ నంబరులో చివరి మూడంకెలను దానిలోని ప్రతి చిన్న ముక్క మీదా గుద్దేవారు. మరమీద, మేకుమీద, బోల్టుమీద, అన్నిటిమీదా. అబ్బాకు ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. ఆ పద్ధతి ఆయనకు తెగ నచ్చింది. తాను చేసిన ప్రతి కొత్త ముక్క మీదా అదే నంబరు సుత్తితో గుద్దాడు. “నంబరు ల్యాకపోతే అది ఆ తుపాకీ బిడ్డ కాదు” అనేవాడు.

నయీం దుకాణంలో నేను వెతికింది అదే. గొట్టం మీద 457. కట్టె అడుగున ఇనుప రేకు మీద 457. ఒక్కో మేకు మీద 457, అబ్బా గుద్దినవి కాస్త వంకరగా. చివరికి బోల్టు తుడిచాను. తుప్పు కింద నుంచి అంకెలు వచ్చాయి.

462.

నయీంను పిలిచి చదవమన్నాను. “నాలుగు ఆరు రెండు” అన్నాడు. ఇంకోసారి చదవమన్నాను. “ఏందక్కా, నీకు గూడా శుక్లం వచ్చిందా?” అన్నాడు.

అర్థమైందా ప్రసూనా? మీ నాయన చేతిలో పగిలిన తుపాకీలో ఉన్నది దాని బోల్టు కాదు. దాని కవలది. బోల్టంటే తూటా వెనక తలుపు లాంటిది. ఒకే కార్ఖానాలో పుట్టింది గనక అందులో దూరుతుంది, మూసుకుంటుంది, పైకి ఏ తేడా తెలీదు. కానీ అబ్బా మార్చింది 457 ముఖాన్ని. 462 ముఖం దొర తూటాకు చేసింది, అలాగే ఉంది. గుళ్ల తూటా వెనక ఆనుకోవలసిన చోట ఆనుకోలేదు. పేలినప్పుడు తూటా వెనక్కి చీలింది, నిప్పు వెనక్కి వచ్చింది. ఇరవై ఏళ్లు అబ్బా చేసిన పని మీద ఆ తుపాకీ ఎన్ని వందలసార్లు పేలిందో మీ నాయనే చెప్పేవాడు. ఆ పని ఎన్నడూ పగల్లేదు.

మరి బోల్టులు ఎట్లా మారాయి? అది మన ఊళ్ల పద్ధతి వల్ల. ఎన్నికలొస్తే తుపాకులు స్టేషన్లో అప్పగించాలి గదా. బోల్టుతో సహా అప్పగిస్తే అక్కడెవరైనా వాడి మన మీదకు తెస్తారేమోనని, అందరూ బోల్టు పీకి ఇంట్లో దాచి తుపాకీ మాత్రం ఇచ్చేవాళ్లు. 1999 ఎన్నికలప్పుడు మీ నాయన, పెదనాయన ఇద్దరూ తమ బోల్టులు తెచ్చి మీ అమ్మ వంటింటి పక్క జొన్నలు నిలవచేసే పెద్ద కాగులో వేశారు. రెండూ ఒకే కాగులో. మామకు ఎప్పుడూ నంబరు అక్కర్లేదు, చేతి స్పర్శకే తనది తెలిసేది. ఆ దీపావళి ముందు రోజు మాత్రం ఆయన చేలో ఉన్నాడు. స్టేషన్ నుంచి తెచ్చిన తుపాకీ ఆయన దగ్గరే ఉంది, పందులు వేరుశనగ తోడేస్తున్నాయని ఇంటికి కబురొచ్చింది, బోల్టు పంపమని. పండగ హడావుడిలో ఎవరో కాగులో చెయ్యి పెట్టారు, మొదట తగిలింది తీసి పంపారు. సాయంత్రం మసక వెలుతురులో ఆయన దాన్ని దూర్చి పేల్చాడు. మూడు వేళ్లు పోయాయి.

నువ్వు వేంపల్లె దర్జీ దగ్గర నుంచి జాకెట్లు తెచ్చుకుని దిగేసరికి ఆయన్ని ఆసుపత్రికి తీసుకుపోయే జీపు కదులుతోంది. మీ ఇంటికి పండక్కి వచ్చిన నేను వాకిట్లో నిలబడి ఉన్నాను. జమ్మలమడుగు ఆసుపత్రిలో రెండో రోజు మా అబ్బా వచ్చి అందరి ముందూ “పని నాది, తప్పు నాదే” అన్నాడు. నువ్వు నా వైపు తిరిగి “మీ నాయన మా నాయన చేతిని తీసేసినాడు” అన్నావు. తిరుపతి హాస్టల్లో మన గది ఖాళీ చేసి వేరే గదికి పోయావు. నేను నిన్ను తప్పుపట్టలేదు. మా అబ్బా కూడా తప్పు తనదే అన్నప్పుడు నేనేం అనగలను?

మొన్న సోమవారం పులివెందుల పోయాను. ఒక్క నంబరు చూసి నమ్మేదాన్ని కాదు. నా పిల్లలకు నేను చెప్పేది కూడా అదే, ఆధారం రెండువైపుల నుంచీ దొరకాలని. బస్సులో దారంతా నాలో నేనే వాదించుకున్నాను. 462 ఇక్కడుంటే 457 ఎక్కడుండాలి? మీ పెదనాయన తుపాకీతో పోయి ఉంటే నా కథ సగంలోనే ఆగిపోతుంది.

మీ అమ్మ నన్ను చూసి గడపలోంచే చెయ్యి పట్టి లోపలికి లాగింది. తర్వాత, “ఏం పాపా, ఇన్నేండ్లకు దావ తెలిసిందా? తలంతా నెరిసిపాయె గదా, రంగన్నా ఏస్కోగూడదా?” అంది. నేను ఏడ్చాను, ఆమె నవ్వింది. బొరుగుల ఉగ్గాని పెట్టింది. మీ పెదనాయన తుపాకీ ఏమైందని అడిగాను. “యాడిదే అది. ఆ యేడే బోల్టు సరిగా పట్టడంల్యా, బిగుసుకుంటాందని ఇసుక్కొని, బోల్టు ల్యాకుండానే గవర్నమెంటోళ్లకు ఇచ్చేసినాడు” అంది. “బోల్టేమైంది అత్తా?” అన్నాను. “ఈడనే ఉండాది, యాడికి పోతాది. ఊరగాయ జాడీ మూత లేవకుండా బరువుకు పెట్టినా. శానా పనికొస్తాది” అంది.

ప్రసూనా, మీ అమ్మ మామిడికాయ జాడీ మీద గుడ్డ, గుడ్డ మీద చెక్క, చెక్క మీద బోల్టు! నూనె అంటి నల్లగా నిగనిగలాడుతోంది. కొంగుతో తుడిచాను. మూడంకెలు. 457. అబ్బా ఆకురాయితో అరగదీసిన ముఖం అద్దంలా ఉంది. నేను ఆ వంటింట్లో గట్టిగా అరిచాననుకుంటా, పక్కింటావిడ తొంగిచూసింది. మీ అమ్మ ఆమెతో “ఏం ల్యా, మా పాపకు బంగారు దొరికింది” అంది.

ఆ సంతోషంలోనే ప్రొద్దుటూరు తిరిగొచ్చి అబ్బాకు అన్నీ చెప్పాను. ఈ ఊళ్లో ఆయన్ని ఎట్లా పిలుస్తారో నీకు తెలీదు. వేళ్ల బాషా. మసీదు మెట్ల మీద ఎకసెక్కాలాడేవాళ్లు “వేళ్ల బాషా వచ్చె, చేతులు దాచుకోండప్పా” అనేవాళ్లు. తుపాకీ పని ఆ రోజే మానేశాడు, ఆకురాయి కూడా అమ్మేశాడు. ఇరవై ఆరేళ్లుగా స్టవ్వులు, కుక్కర్లు. ఈ వార్త వింటే లేచి కూర్చుంటాడనుకున్నాను. ఆయన ఒక బర్నరు బోర్లించి, సూదితో రంధ్రాలు పొడుచుకుంటూ, “దొరల లెక్కలు దొరలకే. దాన్ని కొయ్యనీ. నువ్వు ఆ జోలికి పోవాకు” అన్నాడు. రెండు బోల్టుల ఫొటోలూ చూపించబోతే కన్ను కనపడదన్నాడు. కుడి కన్ను బాగా కనిపిస్తుంది ఆయనకు.

కాబట్టి మిగిలింది నువ్వే. ఆ తుపాకీ కోసేస్తే మా అబ్బా పని మంచిదని చెప్పే సాక్ష్యం తునకలైపోతుంది. బోల్టు ఒక్కటే చూపిస్తే ఎవరూ నమ్మరు, రెండూ పక్కపక్కన ఉండాలి. పేలకుండా చేయించి మా కాలేజీలో అద్దాల పెట్టెలో పెట్టడానికి అనుమతి అడుగుతాను, దరఖాస్తు రాసిపెట్టాను. వారసురాలిగా నీ సంతకం లేకపోతే అది చెల్లదు. ఆ దరఖాస్తూ, నీ అంగీకార పత్రం వెనక్కి తీసుకుంటున్నట్టు కాగితమూ ఈ కవర్లోనే ఉన్నాయి. ఇరవయ్యో తేదీ గురువారం, ఆలోపు నయీం దుకాణానికి చేరాలి.

నువ్వు వచ్చి స్వయంగా ఇస్తే ఇంకా మంచిది. రావాలని అడిగే హక్కు నాకుందో లేదో తెలీదు. రాస్తున్నంతసేపూ ఇరవై ఏళ్ల పిల్లలా ఉరుకుతున్నాను, రాసింది చదువుకుంటే మాత్రం భయమేస్తోంది. పిల్లలకు నా ఆశీస్సులు.

ఇట్లు,
ఒకప్పుడు నీతో ఒకే గదిలో ఉన్న
ఫాయిజా

తా.క.: కవరు అంటించి మళ్లీ విప్పాను. పైన ‘ఎవరో కాగులో చెయ్యి పెట్టారు’ అని రాశాను. ఆ చెయ్యి నాది. మీ అమ్మ కజ్జికాయలు వేయిస్తోంది, చేతులకు పిండి. “పాపా, కాగులో చెయ్యి పెట్టి ఆ బోల్టు తీసి పంపియ్” అంది. రెండున్నాయని నాకు తెలీదు, ఆమె చెప్పడం మరిచిపోయింది. తీసిన సంగతి నాకెప్పుడూ గుర్తుంది. అది వేరే తుపాకీ బోల్టని నయీం దుకాణంలో 462 చదివిన క్షణం వరకూ తెలీదు. ముందే రాస్తే మిగతాది చదవవేమోనని ఇన్ని పేజీలు దాటవేశాను, క్షమించు.

రెండోది నిన్న రాత్రి మీ అమ్మ నాకు ఫోను చేసి చెప్పింది. ఆసుపత్రికి వచ్చే ముందే అబ్బా చేలోకి పోయి తుపాకీని చూశాడట. వచ్చి వరండాలో మీ అమ్మను ఒకటే అడిగాడు: “బోల్టు ఎవురు తీసిచ్చినారక్కా?” “మీ పాపే” అందట ఆమె. ఆయన గోడకు ఆనుకుని, “ఆ మాట ఈడనే వదిలెయ్ అక్కా, ఎవురికీ చెప్పొద్దు” అన్నాడట. ఆ తర్వాతే లోపలికి వచ్చి మీ అందరి ముందూ తప్పు నాదన్నాడు. ఆయన ఎందుకట్లా అన్నాడో మీ అమ్మకు ఆ రోజు తెలీలేదు, 457 చూశాకే తెలిసింది.

ఈ పొద్దున అబ్బా ముందు కూర్చుని, నాకు తెలిసిపోయిందన్నాను. చేతిలోని బర్నరు పక్కన పెట్టాడు. తర్వాత, “ఆ పిల్లకు చెప్తివా?” అన్నాడు, నిన్నే. ఇంకా లేదన్నాను. “చెప్పొద్దు. నీ మీద కోపం పెట్టుకుంటాది” అన్నాడు.

చెప్పేశాను ప్రసూనా. కోపం నా మీద పెట్టుకో. సంతకం మాత్రం ఆయన కోసం పెట్టు.